జీవన్ కుమార్ బయట తిన్న ఏడాది

నంద్యాల డిపోలో కండక్టర్ జీవన్ కుమార్‌ను ఎరగనివాళ్లు లేరు. మంచివాడనీ కాదు, చెడ్డవాడనీ కాదు, అనుమానం మనిషని. ఐదొందల నోటు ఇస్తే ఎండకెత్తి చూస్తాడు, గోటితో గీరి చూస్తాడు, ఇచ్చినవాడి మొహం కూడా ఒకసారి చూస్తాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసినాక, ఆధార్ కార్డులో ఫొటోకూ ఎదుట నిలబడిన మనిషికీ పోలిక దొరికేదాకా ఆ సీటు దగ్గరనుంచి కదలడు. "ఏంది అన్నా, సంబంధం గానీ చూస్తాండావా?" అని ఒకామె అడిగితే బస్సంతా నవ్వింది. జీవన్ కుమార్ నవ్వలేదు. కార్డు తిప్పి వెనకవైపు కూడా చదివి ఇచ్చినాడు.

తిండి దగ్గర ఈ అనుమానం ఇంకా ముదిరింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆయన బయట మెతుకు ముట్టింది లేదు. ఆళ్లగడ్డ బస్టాండులో డ్రైవర్ రాజశేఖర్ హోటల్లోకి పోతే, ఆయన బస్సులో వెనక సీటుకు పోయి, కిటికీవైపు తిరిగి క్యారియర్ విప్పుకునేవాడు. పైగిన్నెలో జొన్నరొట్టె, మధ్యలో పప్పో వంకాయో, అడుగున చెనక్కాయల కారం. ఎవరన్నా టీ ఇప్పిస్తానన్నా "నాకు పడదప్పా" అనేవాడు. రాజశేఖర్ మాత్రం వదిలేవాడు కాదు.

"హోటలోడు నీకు విషం పెడతాడా? పెడితే వానికేమొస్తాది?"

"వానికేమొస్తాదో నాకు తెలీదు. మా ప్రసన్న చేతి కూడైతే నాకు తెలుసు. ఇట్లాంటి రొట్టె ఈ జిల్లాలో ఇంకొకరు కొట్టలేరు."

ఈ మాట రాజశేఖర్ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

ఊరికే వచ్చిన అనుమానం కాదది. జీవన్ కుమార్ నాయన శాంతయ్య జూపాడు బంగ్లా అనే ఊళ్లో కూలిపనికి పోయేవాడు. పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పుడు పక్కూరి పెళ్లికి పోయినారు. అంత మంచి బువ్వ వాళ్లు ఎప్పుడూ తినలేదు. అడిగి అడిగి పెట్టించుకున్నారు. సాయంత్రానికి ఊరంతా వాంతులు. చానామంది లేచి తిరిగినారు, తమ్ముడు క్రాంతి కుమార్ లేవలేదు. నూనె తప్పా, నీళ్ల తప్పా, రాగి గంగాళాల తప్పా అని పెద్దలు రోజులకొద్దీ మాట్లాడుకున్నారు. ఏదీ తేలలేదు. అది తేలకపోవడమే జీవన్ కుమార్ మనసులో నిలబడిపోయింది. ఫలానాది అని తెలిసుంటే ఆ ఒక్కటీ మానేసేవాడు. తెలీలేదు కాబట్టి అన్నీ మానేసినాడు. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మ చెయ్యి, తర్వాత భార్య ప్రసన్నకుమారి చెయ్యి.

ప్రసన్నకుమారి నంద్యాలలో ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. కూతురు లక్నోలో నర్సు ఉద్యోగంలో చేరినాక ఇల్లు ఇద్దరికి మిగిలింది. పోయిన జనవరిలో ఒకనాడు ఆమె గ్లాసులు కడుగుతా కడుగుతా, ఆళ్లగడ్డ దగ్గర ఆడపిల్లల గురుకులంలో పని దొరికిందనీ, హాస్టల్ బాధ్యత కూడా ఉంటుంది కాబట్టి అక్కడే ఉండాలనీ, ఆదివారం మాత్రం ఇంటికొస్తాననీ చెప్పింది.

"నలభై కిలోమీటర్లు. పోయి రావచ్చు గదా?"

"రావచ్చు. వాళ్లు ఉండమంటాండారు."

"వాళ్లంటాండారా, నువ్వంటాండావా?"

ఆమె గ్లాసు బోర్లించి, "ఇద్దరం అంటాండాం" అనింది.

జీవన్ కుమార్‌కు ఆ జవాబు నచ్చలేదు. యాభై దగ్గరికొచ్చిన మనిషికి ఇప్పుడు హాస్టల్ ఏంది? తన మీద కోపమా? ఎవరన్నా ఏమన్నా చెప్పినారా? పెట్టె సర్దుతాంటే పక్కన నిలబడి ప్రతి చీరనూ చూసినాడు. ఏమీ దొరకలేదు. ఆమె హాయిగా పోయింది.

తర్వాత ఆయన పాట్లు డిపోలో కథలుగా చెప్పుకున్నారు. వంట రాదు. అన్నం పెడితే అడుగంటేది, చారు పెడితే వేణ్ణీళ్లలా ఉండేది. అందుకని తొక్క ఉన్నవి మాత్రమే తినడం మొదలుపెట్టినాడు. అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు, చెనక్కాయలు, కమలాలు. దేవుడు మూతపెట్టి పంపినదాన్ని మనిషి చెయ్యి తాకి ఉండదు గదా అని ఆయన లెక్క. గుడ్డు పెంకు మీద సన్నని చీలిక కనబడితే పక్కన పెట్టేసేవాడు. నెల తిరిగేసరికి ఖాకీ ప్యాంటు నడుము దగ్గర జారడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ట్రిప్పులో చిల్లర ఇస్తా ఇస్తా ఒకసారి సీటు పట్టుకుని నిలబడిపోయినాడు.

"ఇట్లయితే నువ్వు టికెట్టు కొట్టవు, నీకే పైకి టికెట్టు కొట్టాల్సొస్తాది" అన్నాడు రాజశేఖర్.

ఫిబ్రవరిలో ఇద్దరికీ ప్యాపిలి వైపు పెళ్లి బస్సు డ్యూటీ పడింది. పెళ్లివారు తినమంటే జీవన్ కుమార్ చేతులు జోడించి రోడ్డు మీదికొచ్చినాడు. ఎదురుగా తోపుడుబండి. బండి మీద హేమలత అనే ఒకామె ఉగ్గాని చేస్తాంది. ఏం దాస్తాందో చూద్దామని నిలబడినాడంతే. ఆమె ఏమీ దాయలేదు. బొరుగులు నీళ్లలో వేసింది, పిండింది. ఉల్లిగడ్డ ఆయన కళ్లముందే కోసింది. తిరగమాతలో పసుపు పడింది, బొరుగులు పడినాయి, పైన పుట్నాల పొడి పడింది. పక్క మూకుట్లో మిరపకాయ బజ్జీలు తేలినాయి. అడుగడుగునా ఆయన తప్పు వెతికినాడు. నూనె రంగు చూసినాడు, ఆమె గోళ్లు చూసినాడు, నీళ్ల బిందె మీద మూత ఉందా అని వంగి చూసినాడు.

"ఏంది నాయనా, నువ్వేమన్నా ఆఫీసరువా?" అనింది హేమలత.

"కండక్టర్ని."

"అయితే చెకింగయిపోయింది గదా, తిను."

ప్లేటు చేతిలో పెట్టింది. జీవన్ కుమార్ చుట్టూ చూసినాడు. ఒక బొరుగు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కాసేపు ఆగినాడు. ఏమీ కాలేదు. ఇంకో నాలుగు. తర్వాత బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లు తిరిగినా కింద పెట్టలేదు. రాజశేఖర్ పెళ్లి భోజనం చేసి వచ్చేసరికి రెండో ప్లేటు నడుస్తాంది. వచ్చేటప్పుడు దారంతా జీవన్ కుమార్ పొట్ట మీద చెయ్యి వేసుకుని నొప్పి కోసం ఎదురుచూసినాడు. రాలేదు. మరునాడూ రాలేదు. అప్పుడు తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు: పొయ్యి కనబడితే తినచ్చు, పొయ్యి కనబడకపోతే తినకూడదు.

ఆ నియమాన్ని మొదట పాడుచేసింది అహోబిలం స్వామి శేషాద్రి. గుడిలో కైంకర్యం చేసే మనిషి, వారానికోసారి పనిమీద నంద్యాలకు బస్సెక్కేవాడు. ఆయనా సంచీలో డబ్బా తెచ్చుకుని, ఆయనా కిటికీవైపు తిరిగి తినేవాడు. ఏండ్లనుంచి ఒకే బస్సులో ముందు సీట్లో ఒకాయన, వెనక సీట్లో ఒకాయన అట్ల తింటానే ఉన్నారు గానీ, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ మార్చిలో జీవన్ కుమార్ అరటిపండు వలుచుకుంటాంటే శేషాద్రి వెనక్కి తిరిగినాడు.

"మీ క్యారియర్ ఏమైంది కండక్టర్ గారూ?"

"మా ఇంటామె ఊర్లో లేదు స్వామీ."

"బయట తినరా?"

"మీరు తినరు గదా?"

"మాది ఆచారం. మీకేం అడ్డం?"

జీవన్ కుమార్ అరటిపండు పక్కన పెట్టినాడు. ఎందుకో తమ్ముడి సంగతి చెప్పినాడు. శేషాద్రి విని, డబ్బా మూత పెట్టుకున్నాడు. మరుసటి వారం బస్సెక్కుతానే ఒక పొట్లం చేతికిచ్చినాడు.

"పులిహోర. గుడిలోది కాదు, ప్రసాదం కాదు. ప్రసాదమైతే మీ చర్చివాళ్లకు ఇబ్బంది ఉంటుందేమోనని మా ఇంటావిడ కమలవల్లి వేరే చేసింది. పొద్దున మా వంటింట్లో, మా పొయ్యి మీద."

జీవన్ కుమార్ పొట్లాన్ని పట్టుకుని నిలబడినాడు. ఈయనకు నాతో ఏం పని? సీటు కావాలా? ఊరికే ఎవరు పెడతారు? శేషాద్రి టికెట్టుకు సరిపడా చిల్లర ఇచ్చి ముందుకు పోయి కూర్చున్నాడు, మళ్లీ తిరిగి చూడలేదు. శిరివెళ్ల దాటినాక ఆకలి ఆగలేదు. విప్పితే నువ్వులపొడి, మిరియం, ఇంగువ వాసన ఒక్కసారి లేచింది. ఉల్లిగడ్డ లేకుండా ఇంత రుచెట్ల వస్తుందని ఆయనకు కొత్త అనుమానం పుట్టింది. పొయ్యి చూడకుండా తిన్న మొదటి తిండి అది. పొట్లం ఆకు కూడా తుడిచి తిన్నాడు.

ఏప్రిల్లో అసలు సంగతి జరిగింది. ఎండ మండిపోతాంది. ఆళ్లగడ్డలో బస్సాపి రాజశేఖర్ ఎక్కడికో పోయి, కాగితంలో చుట్టిన రొట్టెలతో వచ్చినాడు.

"బస్టాండు వెనక సందులో జయలక్ష్మమ్మని ఒక అవ్వ ఇంట్లో చేస్తాంది. తిని చూడు. తినకపోతే పడేయ్."

జీవన్ కుమార్ పడేద్దామనే విప్పినాడు. విప్పగానే చెయ్యి ఆగిపోయింది. చెనక్కాయల కారంలో పొట్టుతో కాల్చిన తెల్లగడ్డ, కొంచెం మాడిన వాసన. ఆ వాసన ఆయన ముక్కుకు ఏండ్లనుంచి తెలుసు. తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అంచు పలచన, మధ్య మెత్తన. అనుమానమే లేదు. ఇది వాళ్ల ఇంటి రొట్టె. వాళ్ల ఇంటి కారం.

ఆ క్షణాన ఆయన బుర్ర గిర్రున తిరిగింది. అయితే ప్రసన్న ఇక్కడ బడిలో లేదు, రొట్టెల వ్యాపారం పెట్టింది! అందుకే హాస్టల్ అని చెప్పింది. ముసలామెను ముందు పెట్టి వెనక ఈమె కొడతాంది. లేకపోతే ఈ ముసలామె తన భార్య విద్యంతా దొంగిలించింది. రెండిట్లో ఏదో ఒకటి.

రాజశేఖర్‌తో ఏమీ అనలేదు. వారపు సెలవు నాడు ఖాకీ వదిలి తెల్లచొక్కా వేసుకుని, మామూలు మనిషిలాగా ఆళ్లగడ్డ బస్సెక్కినాడు. సందులో మూడో ఇల్లు. వాకిట్లో రేకు పందిరి కింద పొయ్యి, పక్కన పీట, పీట మీద చిన్నమనిషి, ఒక అవ్వ. అరచేతులతో పిండిముద్దను తట్టుతాంటే చప్పుడు సందు మొదట్లోకే వినబడింది. ప్రసన్న ఎక్కడా లేదు. ఇంట్లోకి తొంగిచూసినాడు. అక్కడా లేదు.

"కూర్చో నాయనా. ఎన్ని?"

"రెండు. ఈ కారం ఎవరు నూరినారు అవ్వా?"

"ఎవరు నూరతారు? నేనే."

"యాడ నేర్చుకున్నావ్?"

"నేర్చుకునేదేముంది, మా అత్తది." జయలక్ష్మమ్మ రొట్టెను పెనం మీద వేసి తడిబట్టతో అద్దింది. "కాపురమంతా నంద్యాలలోనే. మా కొడుకు ఈడ కొట్టు పెట్టినాక, మొన్న సంక్రాంతి ముందర వచ్చినాం. ఆడ ఉన్నప్పుడు చానా ఇండ్లకు ఇచ్చినా. మా ఇంటి వెనక ఒక టీచరమ్మ ఉండేది. పాపం మంచిది. ఆమె మొగుడు కండక్టరంట, మా వాకిలి వేరే వీధికి కాబట్టి నేనెప్పుడూ చూసింది లేదు. ఆమె చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి ముట్టడంట."

జీవన్ కుమార్ తుంచిన రొట్టెముక్కను మళ్లీ ప్లేటులో పెట్టినాడు.

"మరి?"

"మరి ఆమె బడికి పోవాలనా, తెల్లారకముందే రొట్టెలు కొట్టాలనా? నేను గోడ మీంచి అందిస్తే ఆమె గిన్నెలో పెట్టేది. కారం కూడా నాదే. ఏండ్లు గడిచిపోయినాయి, వానికి తెలీనే తెలీదు! నా భార్య చెయ్యి అని ఊరంతా చెప్పుకుంటాడంట." అవ్వ నవ్వితే భుజాలు కదిలినాయి. "ఉత్త అమాయకుడు. ఇంకోటి ఎయ్యనా నాయనా?"

ఆయన ప్లేటు ముందుకు జరిపినాడు. అవ్వ వేసింది. తిన్నాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

గురుకులం గేటు దగ్గర కానుగచెట్టు కింద బల్ల ఉంది. ప్రసన్నకుమారి వచ్చి కూర్చోగానే ఆయన మొహం చూసి, "పాపకేమన్నా అయిందా?" అని అడిగింది.

"జయలక్ష్మమ్మ ఇంట్లో తినొచ్చినా."

ఆమె కొంగు సర్దుకుంది.

"చెప్పిందా?"

"నేనని తెలీకుండానే చెప్పింది. ఎప్పటినుంచి?"

"పాప పుట్టినప్పటినుంచి. నాకు ఆపరేషను, పక్కన పసిబిడ్డ. నీకు నాలుగు గంటలకు డ్యూటీ. రొట్టె కొట్టేదానికి నాకు నడుము లేదు. ఒకనాడు ఆమె చేసింది పెట్టినా. నువ్వు వచ్చి, ఇట్లాంటి రొట్టె నువ్వెప్పుడూ చేయలేదు ప్రసన్నా అన్నావు. నాదేమో రాయిలెక్క ఉండేది, అది నువ్వు చెప్పకుండా తిన్నావని అప్పుడే తెలిసింది. ఇంకెట్ల చెప్పమంటావ్?"

"ఇన్నేండ్లు నన్ను మోసం చేసినావు."

"క్యారియర్ నేను కట్టినా. పప్పు నేను చేసినా. గిన్నెలు వేణ్ణీళ్లతో కడిగినా, నువ్వు చూస్తావని గిన్నె అడుగులు కూడా తోమినా. అందులో ఏది మోసం?" ఆమె గొంతు పెరిగింది. గేటు లోపల ఆడుకుంటాండే పిల్లలు ఇటు చూసినారు. ఆమె మళ్లీ తగ్గించింది. "ఆ అవ్వ ఊరు వదిలి పోతాందని తెలిసినరోజు నాకు జ్వరమొచ్చినంత పనైంది. రేపటినుంచి రొట్టె యాడనుంచి తేవాలా అని. అప్పుడే ఈ ఉద్యోగం మాట వచ్చింది. పొద్దున లేచి నీ అనుమానానికి జవాబు చెప్పుకోకుండా ఒక ఏడాది పడుకోవాలనిపించింది. అంతే."

జీవన్ కుమార్ లేచి బస్సెక్కినాడు.

పదిరోజులు ఆయన ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆదివారం ఆమె వస్తే చర్చికి ముందే పోయి ముందు వరసలో కూర్చున్నాడు. మొదట్లో కోపం ఆమె మీద. తర్వాత జయలక్ష్మమ్మ మీద. ఆ తర్వాత ఎవరి మీదో తెలీని కోపం. ఇంట్లో ఒక్కడే కూర్చుని, ఇన్నేండ్లలో తనకు వచ్చిన జ్వరాలూ కడుపునొప్పులూ గుర్తుచేసుకున్నాడు, అవ్వ మీద ఏదన్నా మోపచ్చేమోనని. ఒక్కటీ కుదరలేదు. ఎవరో తెలీని మనిషి, చేతులు కడుక్కుందో లేదో తాను ఒక్కనాడు చూడని మనిషి, తన ఒంట్లో సగం కండ పెట్టింది. తమ్ముడు పోయినాక అమ్మ అన్నం కలిపి తినిపిస్తా, ప్రతి ముద్దా ముందు తాను కొరికి చూసేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పింది లేదు. ప్రసన్నకు కూడా. చెప్పుంటే ఆమె గోడ మీంచి రొట్టె తీసుకోకపోయేది. లేకపోతే చెప్పినా తీసుకునేదేమో. ఏదీ తేల్చుకోలేకపోయినాడు.

చివరికి తేల్చింది ఆకలి. ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సాగగానే, రాజశేఖర్ దిగకముందే తానే దిగి, ఖాకీతోనే సందులోకి పోయినాడు. జయలక్ష్మమ్మ ఆ ఖాకీ చొక్కా చూసింది, మొహం చూసింది, చేతిలో పిండి ముద్ద అట్లనే ఉండిపోయింది.

"నువ్వేనా?"

"నేనే."

"అయ్యో దేవుడా. కోప్పడినావా ఆయమ్మ మీద?"

"పడినా."

"తప్పు నాయనా."

"రొట్టె వెయ్యవ్వా, బస్సు పోతాది."

ఎండాకాలం సెలవులకు ప్రసన్నకుమారి ఇంటికొచ్చింది. వచ్చిన రెండోరోజు ఆయన క్యారియర్ తీసి ముందర పెట్టి, "నీ చేత్తో కొట్టు, ఒకసారి చూస్తా" అన్నాడు. ఆమె నవ్వాపుకుంటా కొట్టింది. నిజంగానే రాయిలెక్క ఉండింది. ఆయన రెండూ తిన్నాడు. నీళ్లు చానా తాగినాడు.

తర్వాత నెలలు వేరుగా గడిచినాయి. డ్యూటీ ఎటు పడితే అటు తినడం అలవాటైంది. వానలకు డ్యాం వెనక కృష్ణ నీళ్లు నిండినప్పుడు నందికొట్కూరు దారిలో సురేష్ అనే ఆయన ఇనపరేకు మీద చేపలు వేయించేవాడు. చేప మొప్ప ఎత్తి చూపించమని జీవన్ కుమార్ అడిగితే, సురేష్ విసుక్కోకుండా చూపించినాడు. ఎర్రగా ఉంది. అప్పుడు కూర్చున్నాడు. ముల్లు ముల్లుకీ అనుమానపడి తినేసరికి రాజశేఖర్ హారన్ మీద హారన్ కొట్టినాడు. అహోబిలం శేషాద్రి పొట్లాలు ఆగలేదు. బదులుగా జీవన్ కుమార్ ఏమిచ్చినా ఆయన తినడు కాబట్టి, నంద్యాలనుంచి కమలవల్లికి మంచి నువ్వులు తీసుకుపోయి ఇచ్చేవాడు. ఆమె వాటిని జల్లించి, ఏరి, మళ్లీ కడిగిగాని వాడదని శేషాద్రి చెప్పినప్పుడు జీవన్ కుమార్‌కు ఆమె మీద గౌరవం పెరిగింది.

డిసెంబరు ఆఖరి ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక. ఏడాదంతా దేవుడు చేసిన మేలు చెప్పండని పాస్టరు పిలిస్తే, ఒకరు బిడ్డ పెండ్లి అన్నారు, ఒకరు ఆపరేషన్ అన్నారు. ఎన్నడూ నోరు తెరవని జీవన్ కుమార్ లేచి నిలబడేసరికి ప్రసన్నకుమారి మెడ చాచి చూసింది.

"ఈ ఏడాది నేను బయట తిన్నా" అన్నాడాయన. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "నవ్వకండి. ప్యాపిలిలో ఉగ్గాని తిన్నా. అహోబిలం వాళ్లింటి పులిహోర తిన్నా. నందికొట్కూరు చేప తిన్నా. ఆళ్లగడ్డ రొట్టె అయితే ఈ ఏడాది కాదు, చానా ఏండ్లనుంచి తింటాండానని ఈ ఏడాది తెలిసింది. ఎవరెవరో వండినారు. నాకేమీ కాలేదు. అందుకు స్తోత్రం." ఇంకేదో చెప్పబోయి, మానుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చినాక స్కూటర్ దగ్గర ప్రసన్నకుమారి అడిగింది. "వచ్చే ఏడాది కూడా ఉండమంటాండారు. ఏమంటావ్?"

"ఉండు. నేనేం పస్తుండను."

ఇంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కండ్లు చిన్నవి చేసుకుని చూసింది. "లోపల నాలుగే చెప్పినావు. తిన్నవన్నీ చెప్పినావా?"

"అన్నీ చెప్పలేదు."

"ఇంకా యాడ తింటాండావ్?"

జీవన్ కుమార్ స్కూటర్ తిప్పినాడు. "చెప్తే జనం ఎగబడతారు. ఎక్కు."

"ఎవరు చేస్తారు? ఆడమనిషా, మగమనిషా? ఏంది ఆ వంట?"

ఆయన కిక్ కొట్టినాడు. ఆమె వెనక కూర్చుని, ఇల్లు చేరేదాకా అడుగుతానే ఉంది.